లక్ష్మణ ఫలం కషాయం కోసం నాన్నగారి కీమో ఆపొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి, మాది కాకినాడ దగ్గర. మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేశారు, ఇప్పుడు కీమో నడుస్తోంది, ఎనిమిది సైకిల్స్‌లో నాలుగు అయ్యాయి. హాస్పిటల్లో ఆక్సాలిప్లాటిన్ ఎక్కిస్తారు, ఇంట్లో కాపెసిటబిన్ మాత్రలు. బీపీ, షుగర్ మందులు కూడా ఉన్నాయి. మా మేనత్త వాళ్ల పెరట్లో లక్ష్మణ ఫలం చెట్టుంది, కడియం నర్సరీలో కొని వేసుకున్నది. ఆవిడ ఆకులు తెచ్చి పొద్దున పది, సాయంత్రం పది మరిగించి ఇస్తోంది. పండు దొరికితే గింజలతో సహా మిక్సీలో వేసి జ్యూస్. మా బావగారు ఆన్‌లైన్‌లో క్యాప్సూల్స్ కూడా తెప్పించారు. కీమో కంటే పదివేల రెట్లు పవర్ అని వీడియోల్లో చెప్తున్నారు. నాన్నకి చేతులు కాళ్లు తిమ్మిర్లు బాగా ఎక్కువయ్యాయి, మిగతా నాలుగు సైకిల్స్ మానేసి ఇదే వాడతానంటున్నారు. డాక్టర్‌కి ఇవేవీ చెప్పలేదు. ఇది నిజంగా పనిచేస్తుందా? కనీసం పండైనా తినొచ్చా? అత్తకి ఏమని చెప్పాలి? చెట్టు కొట్టేయమనాలా?

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. కీమో ఆపనివ్వకండి. కషాయం, క్యాప్సూల్స్, గింజల జ్యూస్ మూడూ ఈ రోజు నుంచే ఆపేయండి. ఇన్నాళ్లూ ఏం తాగారో, ఎంత తాగారో, క్యాప్సూల్ సీసా ఫోటోతో సహా మీ ఆంకాలజిస్ట్‌కి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పండి, తర్వాతి సైకిల్ రోజు దాకా ఆగొద్దు, రేపు పొద్దున్నే ఫోన్ చేయండి. తిడతారని భయపడకండి, ఇలాంటివి వాళ్లు రోజూ వింటూనే ఉంటారు, దాచిపెట్టినప్పుడే వాళ్లకి చిక్కు.

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని, వైద్యం చేసే డాక్టర్ని కాదు, మందుల మోతాదుల సంగతి మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. కానీ ఈ చెట్టు గురించి, అందులో ఉన్న రసాయనాల గురించి నాకు తెలిసింది చెప్తాను, ఎందుకంటే నాన్నగారితో 'అదంతా ఒట్టి బూటకం' అంటే ఆయన వినరు, వినకపోవడంలో న్యాయం కూడా ఉంది, అది పూర్తిగా బూటకం కాదు మరి. ఈ చెట్టులో నిజంగానే ఘాటైన రసాయనం ఉంది. అసలు ఇబ్బందంతా అక్కడే ఉంది.

ఆ పదివేల రెట్ల మాట ఎక్కడిదో చూద్దాం. 1996లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు, జెర్రీ మెక్‌లాఫ్లిన్ అనే ప్రొఫెసర్ గారి ల్యాబ్, లక్ష్మణ ఫలం గింజల్లోంచి కొన్ని కొత్త పదార్థాలు విడదీశారు. ఆకుల్లోంచి కాదు, గింజల్లోంచి, ఇది గుర్తుపెట్టుకోండి. వాటిలో ఒకదాని పేరు సిస్-అన్నోనాసిన్. దాన్ని గాజు పాత్రల్లో పెంచుతున్న క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తే హెచ్‌టీ-29 అనే రకం కణాలు అడ్రియామైసిన్ అనే కీమో మందు కంటే పదివేల రెట్లు తక్కువ మోతాదుకే చచ్చాయి. ఈ హెచ్‌టీ-29 కణాలు 1964లో 44 ఏళ్ల ఒకావిడ పెద్దపేగు కణితిలోంచి తీసి అప్పట్నుంచీ ల్యాబుల్లో పెంచుకుంటూ వస్తున్నవి. అంటే మీ నాన్నగారిది ఏ క్యాన్సరో ఆ పరీక్ష కూడా ఆ క్యాన్సర్ కణాల మీదే జరిగింది, అందుకే ఆ వీడియో చూసిన వాళ్లకి అంత ఆశ పుడుతుంది, నేను కాదనను.

కానీ వీడియోవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. పెద్దపేగు క్యాన్సర్‌కి అడ్రియామైసిన్ అసలు ఇవ్వరు, ఆ కణాలు దానికి అంతగా లొంగవు. మీ నాన్నగారు వాడుతున్న మందుల్లో అది లేదు. కాబట్టి 'కీమో కంటే పదివేల రెట్లు' అనేది ఆయనకి ఇస్తున్న కీమోతో పోల్చి చెప్పిన మాట కానే కాదు. పైగా పదివేల రెట్లు అంటే పదివేల రెట్లు బాగా నయం చేస్తుందని అర్థం కాదు, అంత తక్కువ మోతాదు చాలు చంపడానికి అని అంతే. గాజు పాత్రలో కణాల మీద బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసినా చస్తాయి కదా, అలాగని తాగం. మందు అనిపించుకోవాలంటే క్యాన్సర్ కణాన్ని చంపి పక్కనున్న మంచి కణాన్ని వదిలేయాలి, నోట్లోంచి పేగుల్లోకి, పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి కణితి దాకా సరిపడా మోతాదులో చేరాలి, లివర్ మధ్యలో విరగ్గొట్టేయకూడదు. ఇదంతా మనుషుల్లో పెద్ద ట్రయల్స్ పెట్టి చూపించినవాళ్లు లక్ష్మణ ఫలం విషయంలో ఇప్పటిదాకా లేరు.

ఇక ఆ పదార్థాల సంగతి. వాటిని అసిటోజెనిన్లు అంటారు. పొడవాటి కార్బన్ గొలుసు, సాధారణంగా 35 లేదా 37 కార్బన్లు, ఒక చివర లాక్టోన్ అనే చిన్న రింగు, మధ్యలో ఎక్కడో ఆక్సిజన్ ఉన్న ఇంకో రింగు ఒకటో రెండో. కొవ్వులాగా జిడ్డు స్వభావం, నీళ్లలో సరిగ్గా కరగవు. మొదటిది 1982లో బయటపడింది, ఇప్పటికి ఈ చెట్ల కుటుంబంలో 400 పైనే తెలుసు, ఒక్క లక్ష్మణ ఫలంలోనే వందకి పైగా దొరికాయి. ఇవి చేసే పని ఏంటంటే, మన ప్రతి కణంలో మైటోకాండ్రియా అని శక్తి తయారుచేసే భాగం ఉంటుంది కదా, అందులో కాంప్లెక్స్-1 అనే మొదటి మెట్టు దగ్గరే పనిని ఆపేస్తాయి. శక్తి రాదు, కణం చస్తుంది. క్యాన్సర్ కణానికి శక్తి ఎక్కువ కావాలి కాబట్టి ముందు అదే చస్తుందని ఆశ. బాగానే ఉంది, మరి ఒంట్లో శక్తి ఎక్కువ కావాల్సిన కణాలు ఇంకేమున్నాయి? మెదడు కణాలున్నాయి. రోటెనోన్ అని ఒక పాత పురుగుమందు, చేపల్ని చంపడానికి కూడా వాడేవారు, అదీ సరిగ్గా ఈ మెట్టు దగ్గరే ఆపుతుంది, ఎలుకలకి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లాంటి జబ్బు తెప్పించాలంటే ల్యాబుల్లో దాన్నే ఎక్కిస్తారు.

చెట్టు ఈ పదార్థాలు మన కోసం తయారుచేసుకోలేదు, పురుగుల్ని చంపుకోవడానికి చేసుకుంది. ఇది మనకి కొత్త విషయమేం కాదు. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణ ఫలం మూడూ ఒకే జాతి చెట్లు. మన ఊళ్లలో సీతాఫలం గింజలు నూరి తలకి పట్టించి పేలు చంపేవాళ్లు గుర్తుందా, గేదెకి పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవాళ్లు. రెండూ పనిచేసేవి, ఎందుకు పనిచేసేవంటే ఇదిగో ఈ అసిటోజెనిన్ల వల్లే. ఆ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర దెబ్బతిని మంట, నీళ్లు, చూపు మసక, ఇలాంటి కేసులు మన కంటి డాక్టర్లు చాలాసార్లు రాశారు. సీతాఫలం గింజల నుంచి తీసిన అన్నోనిన్ అనే అసిటోజెనిన్‌ని పైరు మీద కొట్టే మందుగా కూడా తయారుచేశారు. ఇప్పుడు మీ ఇంట్లో మిక్సీలో గింజలతో సహా తిప్పి ఇస్తున్నది అదే సరుకు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది ఈ ఒక్క లైనే. మామూలుగా పండు తిన్నప్పుడు గింజ ఉమ్మేస్తాం, మింగినా గట్టి పెంకు వల్ల అలాగే బయటికి పోతుంది, మిక్సీ బ్లేడు మాత్రం ఆ పెంకు పగలగొట్టి లోపలి సరుకంతా జ్యూస్‌లో కలిపేస్తుంది.

మరి ఈ చెట్టు పుట్టిన చోట జనం దీన్ని ఎలా వాడుకున్నారు? దీని సొంత ఊరు కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. స్పెయిన్ నుంచి వెళ్లిన ఒవియెడో 1526లోనే అక్కడ ఈ చెట్లు విస్తారంగా ఉన్నాయని రాశాడు. స్పానిష్ వాళ్లు గ్వానాబానా అంటారు, బ్రెజిల్లో గ్రావియోలా, ఫ్రెంచి దీవుల్లో కొరొసోల్, ఇంగ్లిష్ దీవుల్లో సోర్‌సాప్. మీ బావగారి సీసా మీద గ్రావియోలా అని ఉండి ఉంటుంది, అదీ ఇదీ ఒకటే. అక్కడి ఇళ్లలో వాడకం చూస్తే ఎక్కువగా నిద్ర కోసం. పడుకోబోయే ముందు రెండు మూడు ఆకులు వేడి నీళ్లలో వేసుకుని తాగడం, నెదర్లాండ్స్ యాంటిల్లెస్ దీవుల్లో అయితే ఆకుల్ని దిండు గలీబులోనే పెట్టుకునేవాళ్లు, పక్క మీద కూడా చల్లుకునేవాళ్లు. జ్వరానికి పండు రసం, విరేచనాలకి పచ్చికాయ, బీపీకి ఆకు టీ, పేలకి గింజల పొడి, కొన్నిచోట్ల వేరు, బెరడు దంచి నీళ్లలో కలిపి చేపలు పట్టడం. నిద్ర సంగతి ఉత్త నమ్మకం కాకపోవచ్చు, ఈ చెట్టులో అసిటోజెనిన్లు కాక అనోనైన్, రెటిక్యులిన్ లాంటి ఆల్కలాయిడ్లు కూడా ఉన్నాయి, పండులో దొరికిన వాటిలో కొన్ని మెదడులో సెరటోనిన్ (మనసుకి, నిద్రకి సంబంధించిన రసాయనం) పనిచేసే చోట అతుక్కుంటాయని ల్యాబులో చూశారు. నాన్నగారు కషాయం తాగాక హాయిగా నిద్రపడుతోంది, ప్రాణానికి తేలిగ్గా ఉంది అంటుంటే అది దీనివల్ల కావచ్చు, క్యాన్సర్ తగ్గి కాదు.

ఆ పాత వాడకంలో క్యాన్సర్ ప్రస్తావన మీకు పెద్దగా కనపడదు. రోజుకి ఇరవై ఆకులు నెలల తరబడి మరిగించి తాగమని ఆ దీవుల ముసలమ్మలు ఎవరూ చెప్పలేదు, అది ఇంటర్నెట్ వచ్చాక తయారైన సంప్రదాయం. అందుకే 'వాళ్లు వందల ఏళ్లుగా వాడుతున్నారు కదా, ఏమీ కాదు' అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఏమీ కాదు అనడానికి ఇంకో అడ్డం కూడా ఉంది. గ్వాడెలూప్ అని కరీబియన్‌లో ఒక ఫ్రెంచి దీవి. మనకి మరీ పరాయి చోటు కూడా కాదు, 1854 నుంచి ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి మన దక్షిణాది కూలీల్ని ఓడలెక్కించి చెరకు తోటలకి తీసుకెళ్లిన దీవి అది, వాళ్ల మనవలు మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ దీవిలో ఒక న్యూరాలజిస్ట్‌కి అనుమానం వచ్చింది, ఇక్కడ వణుకుడు జబ్బు మామూలు పార్కిన్సన్స్ లాగా లేదేంటి అని. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. చూసిన 87 మందిలో మామూలు పార్కిన్సన్స్ ఉన్నది 22 మందికే. మిగతావాళ్లది వేరే రకం, పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా మందుకి సరిగ్గా లొంగదు, మాటిమాటికీ పడిపోతారు, కొందరికి కనుగుడ్లు కిందికి పైకి తిప్పడం కష్టమవుతుంది, మతిమరుపు తొందరగా వస్తుంది. వాళ్ల తిండి అలవాట్లు ఆరా తీస్తే ఈ పండు, ఈ ఆకు టీ బాగా వాడినవాళ్లే ఎక్కువగా తేలారు.

తర్వాత పారిస్‌లో ల్యాబువాళ్లు దీని వెంటపడ్డారు. అన్నోనాసిన్ అనే ముఖ్యమైన అసిటోజెనిన్‌ని ఎలుకలకి రక్తనాళంలోకి 28 రోజులు ఎక్కిస్తే మెదడులో సరిగ్గా కదలికల్ని నడిపే భాగాల్లో కణాలు దెబ్బతిన్నాయి. గాజు పాత్రలో మెదడు కణాల మీద వేస్తే శక్తి పడిపోయి, టావ్ అనే ప్రోటీన్ ఉండాల్సిన చోటు వదిలేసి ఇంకోచోట పోగుపడింది, ఆ దీవి జబ్బుల్లో కూడా ఈ ప్రోటీనే తేడా చేస్తుంది. 2005లో వాళ్లే ఇంకో లెక్క కూడా తీశారు, మీకు పనికొచ్చేది ఇదే: ఒక పండులో సగటున 15 మిల్లీగ్రాముల దాకా అన్నోనాసిన్, కొట్లో అమ్మే ఒక డబ్బా జ్యూస్‌లో 36 మిల్లీగ్రాములు, ఒక కప్పు ఆకు టీలో 140 మైక్రోగ్రాములు మాత్రమే. రోజుకో పండో డబ్బానో ఏడాది పాటు తీసుకుంటే ఎలుకల మెదడు దెబ్బతిన్న మోతాదుకి సమానమైన మొత్తం మనిషి ఒంట్లోకి వెళ్తుందని వాళ్ల అంచనా.

ఈ అంకెలు నాన్నగారికి ఓసారి చదివి వినిపించండి, ఎందుకంటే ఇక్కడ తమాషా ఒకటుంది. అసిటోజెనిన్లు జిడ్డు పదార్థాలు, నీళ్లలోకి సరిగ్గా దిగవు అని చెప్పాను కదా, అందుకే కప్పు టీలో పండులో ఉన్నదాంట్లో నూరో వంతు కూడా లేదు. అంటే అత్త అంత కష్టపడి మరిగిస్తున్న కషాయంలో వీడియోవాళ్లు చెప్పే ఆ 'క్యాన్సర్ మందు' దాదాపు లేనట్టే. అయితే భయం కూడా లేనట్టే కదా అంటారేమో, అంత తొందరొద్దు, ఆ లెక్క మామూలు టీది, రోజుకి ఇరవై ఆకుల చిక్కటి కషాయంది కాదు, పైగా ఆల్కలాయిడ్లు నీళ్లలోకి బాగానే దిగుతాయి, ఇంకా మీ ఇంట్లో గింజల జ్యూస్, క్యాప్సూల్స్ కూడా కలుస్తున్నాయి. కషాయంలో ఆశించిన మందు లేదు, జ్యూస్‌లో ఆశించని విషం ఉంది.

గ్వాడెలూప్ సంగతి వాదనకి అతీతం అని నేననను. ఆ పండు తిన్నవాళ్లలో జబ్బు ఎక్కువగా కనపడింది అన్నది వేరు, పండు వల్లే వచ్చింది అని తేల్చడం వేరు, దీని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. కానీ మనుషుల్లో కనపడిన జబ్బు, ఎలుకల్లో కనపడిన దెబ్బ, కణంలో పనిచేసే తీరు మూడూ ఒకే వైపు వేలు చూపిస్తుంటే నేనైతే మా ఇంట్లో మనిషికి రోజూ ఇవ్వను. క్యాన్సర్ తగ్గుతుందన్న రుజువు మాత్రం గాజు పాత్ర, ఎలుక దాటి గట్టిగా ముందుకి రాలేదు.

ఇక్కడ మీ బావగారు ఒక ప్రశ్న వేస్తారు, 'మొక్కల నుంచి మందులు రాలేదా, కంపెనీలు తొక్కేస్తున్నాయి' అని. వచ్చాయి, అదీ మన పెరట్లోదే. బిళ్ళగన్నేరు. జమైకాలో షుగర్ జబ్బుకి ఆ ఆకు టీ తాగేవాళ్లు, 1952లో ఆ ఆకులు కొన్ని అక్కణ్నుంచి కెనడాకి పోస్టులో వెళ్లాయి, రాబర్ట్ నోబుల్ అనే ఆయన ల్యాబులో ఎలుకలకి ఇచ్చి చూస్తే షుగర్ ఏమీ తగ్గలేదు గానీ తెల్లరక్తకణాలు పడిపోయాయి. అరె ఇదేదో ఉందే అని పట్టుకుని 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ విడదీశారు, తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది, ఇవ్వాళ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి అది లేకుండా వైద్యమే లేదు. మొక్కల మందుల్ని కంపెనీలు తొక్కేసేవే అయితే ఇది ఎలా వచ్చింది? అయితే చూడండి, బిళ్ళగన్నేరులో అసలైన క్యాన్సర్ మందు ఉందని రుజువైనా ఎవరూ ఆకు మరిగించి పిల్లలకి తాగించరు. టన్నుల ఆకులోంచి కొద్ది గ్రాములు తీసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, రక్తనాళంలోకి ఎక్కిస్తారు, కొంచెం ఎక్కువైతే నరాలు పోతాయి కాబట్టి. ఈ అసిటోజెనిన్లు కూడా 80ల నుంచి చేతిలో ఉన్నాయి, ఎంతోమంది పనిచేశారు, మందు మాత్రం రాలేదు, నరాలకి విషం అవుతుందన్న భయం దానికి పెద్ద అడ్డం.

సరే, ఇప్పుడు నాన్నగారి తిమ్మిర్లు. అసలు ఆయన కీమో ఎందుకు మానేస్తానంటున్నారో ఒకసారి ఆలోచించండి, వీడియో నమ్మి కాదు అనుకుంటున్నాను, తిమ్మిర్లు తట్టుకోలేక. వీడియో ఒక సాకు దొరికింది అంతే. ఆ తిమ్మిర్లు ఆక్సాలిప్లాటిన్ వల్ల వచ్చేవి, చాలామందికి వస్తాయి, సైకిల్స్ పెరిగేకొద్దీ పెరుగుతాయి. చల్లటిది ముట్టుకుంటే, తాగితే ఇంకా లాగేస్తాయి, గొంతు పట్టేసినట్టు ఉంటుంది. ఆయనకి ఫ్రిజ్‌లోంచి తీసిన జ్యూస్ ఇస్తున్నారా చూసుకోండి, కనీసం ఆ బాధ ఈ రోజే తగ్గించొచ్చు. ముఖ్యమైన సంగతి ఏంటంటే దీనికి డాక్టర్ దగ్గర దారి ఉంది. తిమ్మిర్లు ఎంత ఉన్నాయో చెప్తే ఆక్సాలిప్లాటిన్ మోతాదు తగ్గిస్తారు, అవసరమైతే దాన్ని ఆపేసి కాపెసిటబిన్ మాత్రలు మాత్రమే కొనసాగిస్తారు, మామూలుగా చేసేదే ఇది. 'చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదు' ఇలా పనులతో సహా చెప్పండి, ఉత్తినే తిమ్మిర్లు అంటే అందరికీ ఉండేదే అనుకుంటారు. నాన్నగారికి కీమో అంటే అన్నీ తట్టుకుని పూర్తిచేయడం లేదా అన్నీ మానేయడం, రెండే దారులు కనపడుతున్నట్టున్నాయి, మధ్యలో ఇంకో దారి ఉందని ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆపరేషన్‌లో కణితి తీసేశారు కదా ఇంకెందుకు అని కూడా అనొచ్చు. కంటికి, స్కాన్‌కి దొరకని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే అవి మళ్లీ పెరగకుండా ఇచ్చేదే ఈ కీమో. దానికి టైము ఉంటుంది, ఆర్నెల్లు కషాయం తాగి చూసి కుదరకపోతే మళ్లీ మొదలుపెడదాం అంటే ఆ టైము తిరిగి రాదు.

కషాయం తిమ్మిర్ల మీద ఏం చేస్తుంది? దీవిలో చూసినది మెదడు జబ్బు, ఆక్సాలిప్లాటిన్ చేసేది చేతులు కాళ్ల నరాలకి, రెండూ ఒకటి కాదు. కానీ ఇప్పటికే నరాలు దెబ్బతింటున్న మనిషికి నరాలకి పడదని అనుమానం ఉన్న ఇంకో పదార్థం పోయడం ఏ లెక్కన చూసినా సబబు కాదు, పైగా రేపు నడకలో తూలితే అది కీమో వల్లా, దీనివల్లా, షుగర్ వల్లా అని డాక్టర్‌కి అంతుపట్టదు. ఇంకోటి, ఈ ఆకు బీపీని, షుగర్‌ని తగ్గించే గుణం జంతువుల్లో కనపడింది. ఆయన రెండింటికీ మాత్రలు వేసుకుంటున్నారు, కీమో వల్ల తిండి సరిగ్గా తినట్లేదు కూడా, అన్నీ కలిసి ఒక రోజు షుగర్ పడిపోయి కళ్లు తిరిగి బాత్రూంలో పడితే ఎవరు జవాబుదారీ? ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఈ వారం రోజూ చూడండి, కషాయం ఆపాక రీడింగులు కొంచెం పెరిగినా కంగారుపడి మాత్రలు మీరే మార్చకండి, ఆ అంకెలు డాక్టర్‌కి చూపించండి.

క్యాప్సూల్స్ గురించి ఎక్కువ రాయను. లోపల ఎంత అసిటోజెనిన్ ఉందో సీసా మీద ఉండదు, ఒక బ్యాచ్‌లో ఉన్నంత ఇంకో దాంట్లో ఉంటుందన్న నమ్మకం లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చూసి బావగారు గవర్నమెంట్ ఒప్పుకున్న మందే అనుకుంటారు, అది ఆహార పదార్థంగా అమ్ముకోవడానికి ఇచ్చిన లైసెన్సు, జబ్బు తగ్గిస్తుందన్న సర్టిఫికెట్ కాదు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం, 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో క్యాన్సర్ పేరు పెట్టి మరీ రాసుంది. అయినా ఇస్తూనే ఉన్నారు, అది వేరే కథ.

అత్త గారికి ఏం చెప్పాలి? నాకు ఇదే కష్టమైన ప్రశ్న. ఆవిడ తమ్ముడికి జబ్బు చేసింది, తన చేతిలో ఉన్నది ఆ చెట్టు ఒక్కటే, రోజూ ఆకు కోసుకుని బస్సెక్కి వస్తోంది, అలాంటి మనిషితో 'నువ్వు విషం పెడుతున్నావు' అనకూడదు. అన్నా ఆవిడ మానదు, రెండిళ్ల మధ్య మాటలు పోతాయి, నాన్న చాటుగా తాగుతారు. మీరు డాక్టర్ పేరు చెప్పండి, 'కీమో మాత్రలకి దీనికి పడదట అత్తా, డాక్టర్ గారు ఆపమన్నారు' అనండి, ఫోన్ చేశాక డాక్టర్ ఎలాగూ అదే అంటారు కాబట్టి అబద్ధం కూడా కాదు. వీలైతే తర్వాతి విజిట్‌కి ఆవిడనే వెంట తీసుకెళ్లి డాక్టర్ నోటి నుంచే వినిపించండి, పెద్దవాళ్లకి అదొక మర్యాద కూడా. ఆ తర్వాత ఆవిడకి ఇంకో పని అప్పజెప్పండి. ఈ టైములో నాన్నగారికి ఒంట్లో బలం, ప్రోటీన్ కావాలి. ఉడికించిన గుడ్డు, పెసరకట్టు, బాగా ఉడికిన చేపల పులుసు కారం తగ్గించి, ఇలాంటివి అత్త చేత్తో చేసినట్టు ఇంకెవరు చేస్తారు. కాపెసిటబిన్‌తో విరేచనాలు అవుతుంటే అప్పుడు పెరుగన్నం, అరటిపండు, గంజి, రోజుకి నాలుగైదు సార్లకి మించి అవుతుంటే మాత్రం ఇంటి వైద్యం కాదు, వెంటనే ఫోన్.

పండు తినొచ్చా అన్నారు. పండుగా అది మంచి పండే, పుల్లపుల్లగా కమ్మగా ఉంటుంది, వంద గ్రాముల గుజ్జులో 20 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి, మూడు గ్రాముల పైన పీచు, 17 గ్రాముల దాకా పిండి పదార్థం, అందులో ఎక్కువ భాగం చక్కెరే. కానీ అవన్నీ జామకాయలో ఇంకా చవగ్గా దొరుకుతాయి. విటమిన్ సి అయితే జామలో పది రెట్లు ఎక్కువ. కీమో అయిపోయి తిమ్మిర్లు తగ్గేదాకా నాన్నగారికి వద్దే వద్దు, ఆక్సాలిప్లాటిన్ ఆపాక కూడా రెండు మూడు నెలలు తిమ్మిర్లు పెరగొచ్చు, అది తెలిసుంటే అప్పుడు కంగారుపడరు. ఇంట్లో మిగతావాళ్లు, నరాల జబ్బు లేనివాళ్లు, సీజన్లో ఎప్పుడో ఒక ముక్క గింజలు తీసేసి తింటే నాకేం అభ్యంతరం లేదు, నేనూ తిన్నాను. రోజూ తినొద్దు, డబ్బా జ్యూసులు అలవాటు చేసుకోవద్దు, గర్భిణులకి, వణుకుడు జబ్బు ఉన్నవాళ్లకి ఇవ్వొద్దు.

చెట్టు కొట్టక్కర్లేదు, నీడనిస్తుంది, ఉండనివ్వండి. గింజలు మాత్రం చిన్నపిల్లలకి, కోళ్లకి అందకుండా పారేయమనండి, పేలకని ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు, మెడికల్ షాపులో పర్మెత్రిన్ లోషన్ దొరుకుతుంది. ఆ క్యాప్సూల్స్ సీసా డాక్టర్‌కి చూపించేదాకా ఉంచి తర్వాత పారేయండి, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని వీధిలో ఇంకో పేషెంట్‌కి ఇస్తామంటారు, ఇవ్వనివ్వకండి. రేపు డాక్టర్‌తో మాట్లాడాక ఆక్సాలిప్లాటిన్ సంగతి ఏమన్నారో వీలుంటే రాయండి.